దక్కని కోట

నాకొక వ్యసనం ఉండేది. చదరంగమో, చతుర్ముఖ పారాయణమో అయితే చెప్పుకోవడానికి ఇంత సంకోచం ఉండేది కాదు. వాటికి మన సాహిత్యంలో తగినంత మర్యాద ఉంది. నాది అటువంటిది కాదు. యాభై రెండేళ్ల వయస్సులో, పగలంతా కళాశాలలో ప్రబంధాలు పాఠం చెప్పి, రాత్రి భోజనమయ్యాక గది తలుపు దగ్గరగా వేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడా లేని ఒక దేశంలో కోటలు పడుతూ ఉండేవాణ్ణి. మా ఆవిడ చాలాకాలం నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాననే అనుకుంది. ఏప్రిల్ దాటి మే కూడా అయిపోయాక, ఇంకా ఏం పేపర్లండీ అని ఒకరోజు తలుపు తీసి చూసింది. తెర మీద గుర్రాలు పరుగెత్తుతున్నాయి. ఆమె ఏమీ అనలేదు. మంచినీళ్ల చెంబు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అంతకన్నా అనగలిగింది ఏమీ లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఈ వ్యసనాన్ని నాకు అంటించినవాడు మా అన్నయ్య కొడుకు. 2013లో వాడికి గుంటూరులో ఇంజనీరింగు సీటు వచ్చింది. హాస్టలు తిండి పడటం లేదని వదిన మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పింది. అన్నయ్య నాకు చేయలేదు. అప్పటికి తొమ్మిదేళ్లుగా మా ఇద్దరి మధ్య మాటలు పెళ్లిళ్లలోను, తద్దినాలలోను మాత్రమే నడుస్తున్నాయి. అవి కూడా ‘ఎప్పుడొచ్చావు’, ‘బస్సు ఎన్నింటికి’ అన్నంతవరకే. అయినా పిల్లవాడేం చేశాడు? వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. వస్తూ వస్తూ ఒక పెట్టెడు బట్టలతో పాటు ఈ ఆటను కూడా తెచ్చాడు.

దాని పేరు ‘మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్’. 2010లో వచ్చింది. దీనికి ముందుది, కేవలం ‘మౌంట్ అండ్ బ్లేడ్’ అన్న పేరుతో, 2008లో విడుదలయింది. తయారు చేసినవాళ్లు టర్కీ రాజధాని అంకారాకు చెందిన టేల్‌వరల్డ్స్ అనే సంస్థవారు. మొదట్లో అది అర్మగాన్ యావుజ్, ఇపెక్ యావుజ్ అనే భార్యాభర్తలు ఇంట్లో కూర్చుని మొదలుపెట్టిన పని అని మావాడే చెప్పాడు. కథ జరిగే దేశం కల్రాడియా. అది ఏ పటంలోనూ ఉండదు. కానీ మధ్యయుగపు యూరపునూ, ఆసియా గడ్డిమైదానాలనూ, ఎడారి సుల్తానుల రాజ్యాలనూ ఒకే పళ్లెంలో కలిపి వడ్డించినట్టుంటుంది. ఆరు రాజ్యాలు, ఇరవై రెండు పట్టణాలు, నలభై ఎనిమిది కోటలు, వాటిని కనిపెట్టుకుని వందకు పైగా పల్లెలు. ఆట మొదలయ్యేసరికి మీకు ఒక గుర్రం, ఒక కత్తి, చేతిలో కాసిని దినార్లు ఉంటాయి. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఇన్ని కోటలు గెలిస్తే ఆట ముగిసిందని కూడా ఎవరూ అనరు. ఆ నిర్లక్ష్యమే నన్ను పట్టుకుందనుకుంటాను. మా పాఠ్యప్రణాళికలో ప్రతిదానికీ మార్కులుంటాయి మరి.

మొదట్లో నేను పల్లెపల్లె తిరిగి, తలకు పది దినార్లిచ్చి రైతుబిడ్డలను కూడగట్టేవాణ్ణి. దొంగల చేతిలో ఓడిపోయేవాణ్ణి. మళ్లీ కూడగట్టేవాణ్ణి. అలా కొంతకాలానికి స్వాడియా రాజ్యాన్నేలే హర్లౌస్ మహారాజు దృష్టిలో పడ్డాను. ఆయనకు యుద్ధాలకన్నా విందులంటే ప్రీతి. ఈ ఆట ఆడేవాళ్లంతా ఆయన మీద పుట్టించిన హాస్యాలకు లెక్కలేదు. ఆయన ముందు మోకరిల్లి ప్రమాణం చేశాను. ప్రమాణం చేసినందుకు ఒక పల్లె ఇచ్చాడు. కొద్దిపాటి శిస్తు వచ్చే చిన్న పల్లె. శత్రువులు ఏడాదికి రెండుసార్లు తగులబెట్టి పోయేవారు. అయినా అది నాదే. అందులో ఒక మిల్లు కట్టించాను, ఒక బడి కట్టించాను. మావాడు నవ్వాడు. “బడి ఎందుకు బాబాయ్, కావలి బురుజు కట్టించు” అన్నాడు. పంతులు బుద్ధి అంత తొందరగా ఎక్కడికి పోతుంది?

పల్లెలు ఎన్ని ఉన్నా, కోట లేనివాడు ఆ దేశంలో ప్రభువు కాడు. కనుక కోట పట్టాలి.

కోట పట్టడమంటే ఏమిటో కొంచెం చెప్పనివ్వండి. కల్రాడియాలో రోడోక్‌లు అనే కొండజాతి ఒకటుంది. వాళ్లకు గుర్రాలు లేవు. తలుపు రెక్కలంతటి డాళ్లు, పొడుగాటి బల్లేలు, గురి తప్పని విల్లుయంత్రాలు ఉన్నాయి. వాళ్ల కుల్మార్ కోట నా కంటబడింది. ముందు కోట చుట్టూ విడిది చేయాలి. గోడ ఎక్కడానికి నిచ్చెనలు కట్టించాలి. కొన్ని కోటలకు నిచ్చెన చాలదు, చక్రాల మీద నడిచే కొయ్య బురుజే కావాలి. దానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. మన దళంలో యంత్రవిద్య తెలిసినవాడుంటే పని తొందరగా అవుతుంది. నాకు ఆర్టిమెన్నర్ అనే ఇంజనీరు ఒక పూటకూళ్లింట్లో దొరికాడు. ఈలోగా లోపలివాళ్ల గాదెలు ఎన్నాళ్లకు ఖాళీ అవుతాయో లెక్క చూసుకోవాలి. ఆకలితో లొంగేదాకా కూర్చోవచ్చు. కానీ అంతదాకా వాళ్ల బంధువుల సైన్యం రాకుండా ఉంటుందా? మనవాళ్లకు మాత్రం తిండి అక్కర్లేదా? చివరకు నిచ్చెన ఎక్కక తప్పదు. నిచ్చెన ఒక్కటే ఉంటుంది, ఎక్కేవాళ్లు నూరుమంది. ముందువాడు పడితేగాని వెనకవాడికి చోటు దొరకదు. పైనుంచి బాణాలు వడగళ్లలా పడతాయి. నేను పల్లెల నుంచి తెచ్చి, పేరుపేరునా పెంచి, పదాతుల నుంచి అశ్వికులుగా చేసుకున్న కుర్రవాళ్లు సగం మంది ఆ నిచ్చెన మొదట్లోనే రాలిపోయారు.

కోట పడింది. తెల్లవారుజామున మూడయింది. గోడ మీద నిలబడి కిందకు చూశాను. అది కోట కాదనీ, వెలుగుచుక్కల గుంపేననీ నాకు తెలుసు. అయినా గొంతులో ఏదో అడ్డుపడింది. ఈ కోట నాకు ఇప్పించవలసిందని రాజుగారికి విన్నపం పంపాను.

రెండు రోజుల తరువాత, ఆట రోజులే లెండి, జవాబు వచ్చింది. మహారాజు బాగా ఆలోచించి కుల్మార్ కోటను క్లార్గస్ ప్రభువుకు ఇవ్వ నిశ్చయించారు. నాకయిన ఖర్చుల కింద తొమ్మిది వందల దినార్లు దయచేయించారు.

“అదేమిట్రా, కోట పట్టింది నేను కదా!” అన్నాను. అరిచానేమో కూడా.

మావాడు మంచం మీద పడుకుని పుస్తకం చదువుతున్నాడు. తల ఎత్తకుండానే, “పట్టింది నువ్వే బాబాయ్. కోట రాజుగారిది. ఆయన ఇష్టం” అన్నాడు.

“క్లార్గస్ అసలు యుద్ధానికే రాలేదు!”

“రాకపోతే ఏం?”

“మరి ఈ తొమ్మిది వందలేమిటి?”

“నువ్వు పెట్టిన ఖర్చుకి.”

నేను మరి మాట్లాడలేదు. తెర మీద రెండే దారులు చూపిస్తున్నది. ఒకటి, రాజు నిర్ణయాన్ని అంగీకరించడం. రెండవది, నాకు అన్యాయం జరిగిందని చెప్పి ప్రమాణాన్ని తెంచుకోవడం. మొదటిదే నొక్కాను. కంప్యూటర్ కట్టేసి వెళ్లి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో మావాడికి చెప్పలేదు. చెప్పే విషయం కాదు. 2004లో మా నాన్న మా ఇద్దరికీ ఆస్తి పంచాడు. కొండవీటికి దగ్గరలో ఒక పల్లెటూరు మాది. పొలం గట్టు మీద నిలబడితే కొండవీటి కొండ కనిపిస్తుంది. ఉన్నది ఆరెకరాల మెట్ట, తాతగారు కట్టిన పెంకుటిల్లు. అన్నయ్య బెజవాడలో వ్యాపారం చేసేవాడు. నేను పదకొండేళ్లపాటు ఆ ఇంట్లోనే ఉండి, రోజూ బస్సులో కళాశాలకు వెళ్లివస్తూ అమ్మానాన్నలను చూసుకున్నాను. అమ్మ ఆ ఇంట్లోనే, నా చేతుల్లోనే పోయింది. దూలాలకు చెదలు పడితే మార్పించాను. రెండుసార్లు పెంకు నేయించాను. పెరట్లో బోరు వేయించాను. పంపకాల రోజున పెద్దమనుషుల ముందు నాన్న ఇల్లు పెద్దవాడికన్నాడు. పొలం చెరి సగమన్నాడు. తరువాత నా వైపు చూడకుండా, ఇంటికి చిన్నవాడు పెట్టిన ఖర్చు కింద నలభై వేలు ఇస్తున్నానన్నాడు.

నేను అంగీకరించాను. దస్తావేజు మీద సంతకం పెట్టాను. నెల తిరిగేసరికి గుంటూరులో అద్దె ఇల్లు చూసుకున్నాను. నాన్న 2007లో పోయేవరకు వెళ్లి వస్తూనే ఉన్నాను గాని, ఎందుకలా చేశావని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో. అడగకపోవడమే నా తిరుగుబాటు అనుకున్నాను. ఇప్పుడు నా ఎదురుగా మంచం మీద పడుకుని పుస్తకం చదువుకుంటున్నవాడు, ఆ ఇంట్లో పెరిగినవాడే. వాడికి ఆనాడు తొమ్మిదేళ్లు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. కాకతీయ ప్రతాపరుద్రుని నాయంకరం, విజయనగర రాజుల అమరనాయంకరం ఇటువంటివే. భూమి రాజుది. దాని రాబడి అనుభవించే నాయకుడు ఖజానాకు ఇంత కట్టాలి, ఇంత సైన్యాన్ని సిద్ధంగా ఉంచాలి. తరగతిలో ఏళ్ల తరబడి చెప్పిన సంగతే. చెప్పేటప్పుడు నా మనస్సు ఎప్పుడూ గెలిచినవాడి వెంటే పోయేది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, ఏడాదికి పైగా దాని చుట్టూ కూర్చుని 1514లో పట్టుకున్నాడు. 1515లో కొండవీటిని పట్టి గజపతి కుమారుడు వీరభద్రుని బందీగా తీసుకున్నాడు. ఇంతవరకు ఉత్సాహంగా చెప్పేవాణ్ణి. ఆ తరువాతి వాక్యాన్ని పరీక్షలో అడగరు గనుక గబగబా చదివేసేవాణ్ణి. కొండవీటి పాలన తిమ్మరుసు చేతికి వచ్చిందనీ, ఆయన తన మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రిని అక్కడ నిలిపాడనీ ఆ వాక్యం. కుల్మార్ కోట పోయిన రాత్రి నాకు ఆ వాక్యం గుర్తుకొచ్చింది. గోపమంత్రి సమర్థుడు, శాసనాలు సాక్ష్యం. అది కాదు నా ప్రశ్న. ఆ కొండ ఎక్కినవాళ్లలో, తనవాళ్లను ఆ గోడ దగ్గర పోగొట్టుకున్నవాళ్లలో, ఈ కోట నాకిస్తే బాగుండునని అనుకున్న నాయకుడు ఒక్కడైనా ఉండడా? ఇచ్చినవాడి పేరూ, పుచ్చుకున్నవాడి పేరూ రాతి మీద ఉంటాయి. ఇవ్వబడనివాడి పేరు ఎవరు చెక్కుతారు?

ఆ ప్రశ్నను పట్టుకుని ఊరేగడం నాకు చాలాకాలం సుఖంగానే ఉంది.

ఆట మానలేదు. కొంతకాలానికి నాకూ ఒక కోట దక్కింది. మరొక ముట్టడిలో మరొక కోట మళ్లీ మరెవరికో వెళ్లింది. ఈసారి రెండవ దారి నొక్కాను. ప్రమాణం తెంచుకున్నాను. నా జెండా నేనే ఎన్నుకుని, నా రాజ్యానికి నేనే పేరు పెట్టుకున్నాను. ఏం పేరు పెట్టానో చెప్పను, నవ్వుతారు.

కోట దక్కించుకోవడం ఒక రాత్రి పని అనీ, నిలుపుకోవడం ప్రతి వారం పని అనీ అప్పుడు తెలిసింది. ఈ ఆటలో వారానికొకసారి జమాఖర్చుల పట్టీ వస్తుంది. పల్లెల శిస్తు, పట్టణాల సుంకం ఒకవైపు. సైనికుల జీతాలు మరొకవైపు. కోటలో కాపలా ఉండే సైనికుడికి బయట మన వెంట తిరిగేవాడి జీతంలో సగమే ఇవ్వాలి. అయినా రెండు వందల మంది అంటే మాటలు కాదు. మరి కొన్ని కోటలు కలుపుకుంటే రాబడి పెరుగుతుందనుకుంటాం. అదీ నిజం కాదు. ఒక్కడి చేతిలో ఎక్కువ ఊళ్లు చేరేకొద్దీ వసూళ్లలో వృథా పెరుగుతుంది. నేను సంసారిని గనుక పొదుపు చేయబోయి ఒక కోటలో కాపలాను మూడు పాళ్లు తగ్గించాను. పదిరోజులు తిరక్కుండానే వేగిర్ల సైన్యం వచ్చి ఆ కోటను పట్టుకుపోయింది. నేను ఆ సమయానికి దేశానికి మరొక చివర ఉన్నాను. గుర్రాన్ని ఎంత అదిలించినా చేరలేకపోయాను.

అందుకని ప్రభువులు కావాలి. కోటలను ఒక్కొక్కటిగా ఒక్కొక్కరికి అప్పగిస్తే, వాళ్లే కాపలాలు పెట్టుకుంటారు, యుద్ధానికి సైన్యం తెస్తారు. నా అదృష్టం కొద్దీ ఇతర రాజుల మీద అలిగినవాళ్లు ఒక్కరొక్కరే నా కొలువుకు వచ్చారు. వాళ్లూ నాలాగే కోటలు దక్కనివాళ్లు. వచ్చిన ప్రతివాడినీ నా బాధ తెలిసినవాడిగా చూసి ఆదరించాను. వైద్యుడైన జెరెమస్ అనే సహచరుణ్ణి మంత్రిగా పెట్టుకున్నాను. ఇక నా రాజ్యంలో అన్యాయం ఉండదు, పట్టినవాడికే కోట అని మావాడితో గర్వంగా అన్నాను.

“చూద్దాం బాబాయ్” అన్నాడు వాడు.

కల్రాడియా నడిబొడ్డున ధిరిమ్ అనే పట్టణం ఉంది. నాలుగు వైపులా నలుగురు రాజులకు అందుబాటులో ఉండటం వల్ల అది ఒకరి చేతిలో నిలవదు. ఒక వేసవిలో, మా వేసవి సెలవుల్లో, దాన్ని మేం పట్టాం. అందరం కలిసే పట్టాం. ముట్టడిలో ఏడుగురు ప్రభువులున్నారు. నిచ్చెన ముందుగా ఎక్కింది ఎవరో నాకే తెలియదు. పట్టినవాడికే కోట అన్న నా ధర్మశాస్త్రం మొదటి రోజునే చెల్లకుండా పోయింది.

ధిరిమ్‌ను ఎవరికివ్వాలని మంత్రిని అడిగితే, ఎవరెవరు ఎవరిని సమర్థిస్తున్నారో చెప్తాడు. ఏడుగురిలో నలుగురు తమను తామే సమర్థించుకున్నారు. నేనే ఉంచుకుంటే అత్యాశ అంటారు. కష్టకాలంలో నా వెంట ఉన్న ఆర్టిమెన్నర్‌ను ప్రభువును చేసి ఇద్దామంటే, పుట్టుకతో ప్రభువులైనవాళ్లు ఓర్వరు. ఎవరికీ ఇవ్వకుండా ఊరుకుంటే రాబడీ ఉండదు, అడిగేవాళ్లూ ఆగరు. ఒకరికి ఇచ్చిన మరుక్షణం ఆ ఒక్కడి అభిమానం పెరుగుతుంది, తక్కినవాళ్లది తరుగుతుంది. ఆట ఆ తరుగును అంకెలతో సహా చూపిస్తుంది. అందరికీ సమ్మతమైన పంపకం అందులో లేదు. నేను వెదికాను. ఆటను పాత చోటికి తిప్పి, మళ్లీ మళ్లీ వేరువేరు పేర్లు పెట్టి చూశాను. ఎవరికిచ్చినా ఎవరో ఒకరి ముఖం మాడుతూనే ఉంది.

ఆ ఏడుగురిలో ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకడు నా కొలువులో మొదటినుంచీ ఉన్నవాడు. పిలిచిన ప్రతి యుద్ధానికీ వచ్చాడు. నా మీద అతడి అభిమానం అందరికంటే ఎక్కువ. అప్పటికే అతడికి ఒక చిన్న పల్లె ఉంది. రెండవవాడు కొత్తగా వచ్చాడు. పాత రాజు దగ్గర ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. సెంటు భూమి లేదు. నా మీద అభిమానం కూడా అంతంతమాత్రమే. ఇవాళ ఏదో ఒకటి ఇవ్వకపోతే రేపు ఉండడు. న్యాయంగా ధిరిమ్ ఎవరికి రావాలి? మొదటివాడికి. అందులో నాకు సందేహం లేదు.

రెండవవాడికి ఇచ్చాను.

ఆలోచించే ఇచ్చాను. మొదటివాడు కొంత నొచ్చుకుంటాడు. నొచ్చుకున్నా పోడు. అతడికి నిలబడటానికి ఒక పల్లె ఉంది, నా మీద నిలవ ఉన్న అభిమానం ఉంది. అందులోంచి కొంత ఖర్చు పెట్టినా అతడు నావాడే. రెండవవాడికి ఆ నిలవ లేదు. ఇవ్వకపోతే వాడు పోతాడు. ఇస్తే ఇద్దరూ ఉంటారు. ఇంత లెక్క వేసుకుని, మొదటివాడికి తరువాత ఎప్పుడైనా మంచి కోట చూసి ఇవ్వవచ్చులే అనుకుని, మీట నొక్కాను. నమ్మకస్తుడి అభిమానం కొన్ని అంకెలు తగ్గింది. తెర మీద ఆ చిన్న ఎర్ర వాక్యాన్ని చదువుతూ చదువుతూ చేతిలోని మౌస్‌ను వదిలేశాను.

నేను ఎవరినో అప్పుడు నాకు తెలిసింది. పదేళ్లుగా నన్ను నేను రాజుగారి చేతిలో కోట పోగొట్టుకున్న వీరుణ్ణి అనుకుంటున్నాను. నిజానికి నేను ఆ మొదటివాణ్ణి. నొచ్చుకుంటాడు గాని పోడు అని ఎవరో లెక్క వేసుకున్నవాణ్ణి.

2004లో అన్నయ్య వ్యాపారం ఏ స్థితిలో ఉందో నాకు తెలియనిది కాదు. తెలిసినా దాన్ని పంపకాల పక్కన పెట్టి చూడలేదు. బెజవాడలో అద్దె కట్టలేక రెండు ఇళ్లు మారాడు. వదిన నగలు అప్పటికే లేవు. ముగ్గురు పిల్లలు. నాకు నెల నెలా జీతం ఉంది, రాబోయే పింఛను ఉంది. ఇల్లు నాకిచ్చి డబ్బు అన్నయ్యకిచ్చి ఉంటే ఆ డబ్బు అప్పులవాళ్ల దగ్గరికి వెళ్లేది. తరువాత అన్నయ్య ఎక్కడ ఉండేవాడు? ఇవన్నీ నాన్న ఆలోచించాడో లేదో నాకు తెలియదు. పెద్దకొడుకు గనుక ఇచ్చాడేమో, అంతే కావచ్చు. ఒక వీడియో గేమ్ ఆడి చనిపోయిన తండ్రి మనస్సును చదివానని చెప్పుకునేంత మూర్ఖుణ్ణి కాను. కానీ ఒక్కటి గుర్తుంది. పంపకాలనాటి రాత్రి నాన్న అన్నం తినలేదు. మజ్జిగ తాగి అరుగు మీద పడుకున్నాడు. తప్పు చేసినవాడి అన్నం సయించదులే అని ఆనాడు నేను లోలోపల సంతోషించాను. ధిరిమ్ ఇచ్చిన రాత్రి మా ఆవిడ భోజనానికి రెండుసార్లు పిలిచింది. ఆకలి లేదన్నాను. ఎందుకు లేదో అప్పుడు నాకు తోచలేదు. చేయి కడుక్కుని పడుకున్నాక తోచింది.

తప్పు చేసినా అన్నం సయించదు. తప్పు కాని దారి లేకపోయినా సయించదు. ఈ రెండింటికీ తేడా పుచ్చుకునే చోట కూర్చున్నవాడికి కనిపించదు. ఇచ్చే చోట ఒకసారి కూర్చోవాలి.

ఇంతటితో నాలోని కోపమంతా కరిగిపోయిందని రాస్తే అందంగా ఉంటుంది. కానీ కరగలేదు. నాన్న నాతో ఒక్కమాట అనవలసింది, ఇందుకిలా చేస్తున్నానురా అని. ఆ మాట బాకీ ఇప్పటికీ ఉంది. అయితే నేను ధిరిమ్ విషయంలో ఆ మొదటి ప్రభువుకు ఏమి చెప్పాను? ఆ ఆటలో చెప్పడానికి మాట లేదు. ఇచ్చే మీట ఉంది గాని, ఎందుకిచ్చానో చెప్పే మీట లేదు. నాన్నకూ అటువంటి మీట దొరకలేదేమో. మాట లేక మజ్జిగ తాగి పడుకున్నాడు.

ఇంతకీ ఆ రెండవ ప్రభువు ఏమయ్యాడని మీరు అడగవచ్చు. ఏడాది తిరక్కుండా మరొక రాజు పిలిచాడని ధిరిమ్‌తో సహా వెళ్లిపోయాడు. ప్రభువులు రాజ్యం మారితే కోటలు కూడా వాళ్లతో పాటే పోతాయి. నా లెక్క తప్పింది. మొదటివాడు మాత్రం, నేను ఆ ఆటను చివరిసారి మూసేనాటికి కూడా, నా వెంటే ఉన్నాడు. అతడికి మంచి కోట ఇచ్చానా అంటే, ఇచ్చాను. ఆలస్యంగా.

మావాడు చదువు ముగించుకుని 2017లో ఉద్యోగానికి బెంగుళూరు వెళ్లాడు. ఈ ఆటకు కొనసాగింపుగా ‘బ్యానర్‌లార్డ్’ 2022లో పూర్తి రూపంలో వచ్చిందనీ, అందులో గెలిచిన కోట ఎవరికివ్వాలో ప్రభు వంశాలవాళ్లు ఓట్లు వేసి తేలుస్తారనీ, రాజు కాదనాలంటే తన పలుకుబడిని ఖర్చు పెట్టుకోవాలనీ ఫోన్ చేసి చెప్పాడు. కొని పంపుతానన్నాడు. వద్దన్నాను. ఓట్లతో తేలే పంపకాలు ఈ వయస్సులో చూడలేను. కళాశాలలో చాలా చూశాను.

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్లాను. ఆట వల్ల వెళ్లాననను. వాడి పెళ్లి మాటలున్నాయి, పెద్దవాళ్లం ఇద్దరం ఉండాలి గనుక వెళ్లాను. అన్నయ్యకు డెబ్భై దాటాయి. నేను అరుగు మీద కూర్చున్నాను. నాన్న పడుకున్న చోటే. అన్నయ్య వసారా పైకప్పు వైపు చూపించి, “వానాకాలంలో ఇక్కడ కారుతోందిరా. పెంకు నేసేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడా దొరకడం లేదు. నువ్వు చేయించినప్పటి దూలాలే ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి” అన్నాడు.

ఇరవై ఏళ్లలో ఆ ఇంటిని గురించి మా మధ్య నడిచిన మొదటి మాట అది. దూలాలు నేను చేయించానని ఆయనకు గుర్తుంది.

“నరసరావుపేటలో ఒక ముసలాయన ఉన్నాడు. రెండుసార్లూ ఆయన చేతే నేయించాను. ఉన్నాడో లేడో కనుక్కుంటాను” అన్నాను.

కనుక్కున్నాను. ఉన్నాడు. తాను ఎక్కలేనన్నాడు గాని, కొడుకును పంపుతానన్నాడు. ఎంతవుతుందని అడిగితే ఆయన చెప్పిన మొత్తం విని అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. రెండు వందల మంది కాపలా జీతాల పట్టీ చూసినప్పుడు నా ముఖం కూడా అలాగే అయి ఉంటుంది. సగం నేను పెట్టుకుంటానన్నాను. అన్నయ్య వద్దనలేదు.